సున్న దగ్గర ఆగని గొలుసు: అంత్యాక్షరి, ‘ము’వర్ణకం, ఉత్తరాంధ్ర వాడుక భాష

వ్యాస సంగ్రహం

ఒక మాట లేదా పద్యం చివరి అక్షరంతో మరొక మాటను, పద్యాన్ని, పాటను అందుకొనే ఆట భారతదేశంలో అంత్యాక్షరిగా, జపానులో షిరితోరిగా ప్రసిద్ధం. జపాను ఆటలో ‘న్’ అనే అక్షరంతో ముగిసే మాట పలికినవారు ఓడిపోతారు. ఆధునిక తెలుగులో అనేక నామపదాలు సున్నతో ముగుస్తున్నా తెలుగు ఆట అక్కడ ఆగదు. ఈ భేదానికి కారణం ఆట నియమాలలో కాక, ‘ము’వర్ణకం ‘ం’గా మారిన భాషాచరిత్రలో ఉంది. ఆ మార్పును వ్రాతలోకి తేవాలా వద్దా అన్న వివాదానికి విజయనగరం, పర్లాకిమిడి ప్రాంతాలు కేంద్రాలు. ఆ నేల మీదనే ఉన్న నెల్లిమర్లను నెలవుగా చేసుకొని ఈ వ్యాసం పద్యం, పాట, వాడుక మాటల అంత్యాక్షరాలను పరిశీలిస్తుంది.

కీలక పదాలు: అంత్యాక్షరి, ప్రతిమాల, మకుటం, మువర్ణకం, వ్యావహారిక భాష, షిరితోరి, అకారాది సూచిక, ఉత్తరాంధ్ర మాండలికం.

ప్రవేశం

జపాను భాషలో పుస్తకాన్ని ‘హోన్’ అంటారు. షిరితోరి ఆడుతున్న పిల్లవాడు పొరపాటున ఈ మాట అంటే ఆట అతనితో ముగుస్తుంది. జపాను మాట ఏదీ ‘న్’తో మొదలుకాదు, తరువాతివాడు అందుకోవడానికి ఏమీ మిగలదు. చంపావతి ఒడ్డున ఉన్న నెల్లిమర్లలో అదే ఆట తెలుగులో ఆడుతున్న పిల్లవాడు ‘పుస్తకం’ అన్నాడనుకుందాం. తెలుగు మాట ఏదీ సున్నతో మొదలుకాదు. అయినా పక్కవాడు తడుముకోకుండా ‘మల్లెపువ్వు’ అనో ‘మామిడి’ అనో అందుకుంటాడు. వ్రాతలో లేని ‘మ’ అతనికి ఎక్కడ దొరికింది?

ప్రశ్న చిన్నదిగా కనిపించినా, దానికి సమాధానం తెలుగు భాషాచరిత్రలో అత్యంత వివాదాస్పదమైన ఘట్టానికి దారితీస్తుంది. ఆ ఘట్టానికి నెల్లిమర్ల చుట్టుపక్కల ప్రాంతమే వేదిక. ఒక పక్క గురజాడ అప్పారావు (1862–1915) నివసించిన విజయనగరం కొద్ది మైళ్ల దూరంలో ఉంది. ఈశాన్యంగా సాగితే శ్రీకాకుళం, వంశధార లోయ, ఆపైన గిడుగు రామమూర్తి (1863–1940) పాఠాలు చెప్పిన పర్లాకిమిడి వస్తాయి. 1979లో విజయనగరం జిల్లా ఏర్పడేవరకు విశాఖపట్నం జిల్లాలో భాగంగా ఉన్న నెల్లిమర్ల, గోనెసంచుల మిల్లు ఊరుగానే ఎక్కువమందికి తెలుసు. సాహిత్యచరిత్రలు ఈ ఊరిని ప్రత్యేకంగా పట్టించుకోలేదు. అయితే భాషావివాదాలు పండితుల పత్రాలలో ఎలా తేలాయన్నది ఎంత ముఖ్యమో, అలాంటి ఊళ్ల నోళ్లలో ఎలా తేలాయన్నదీ అంతే ముఖ్యం.

ప్రతిమాల నుంచి అంత్యాక్షరి దాకా

ఈ ఆట ప్రాచీనతకు స్పష్టమైన సాక్ష్యం వాత్స్యాయనుని కామసూత్రాలలోని అరవైనాలుగు కళల పట్టికలో ఉంది. అందులో ప్రహేళికకు, నోరు తిరగని మాటలు పలికించే దుర్వాచకయోగానికి నడుమ ‘ప్రతిమాల’ అనే కళ చేరింది. జయమంగళా వ్యాఖ్య రచించిన యశోధరుడు దీనినే అంత్యాక్షరిక అని వ్యవహరిస్తారని వివరించాడు. ప్రతిమాలకు ముందూ వెనుకా ఉన్న కళలు మాటతో ఆడే వినోదాలే కావడం గమనించదగినది. వ్యాఖ్యాత కాలానికే ఆట రెండవ పేరు లోకంలో స్థిరపడిందన్నమాట.

కేరళలోని అక్షరశ్లోకం ఇదే కుటుంబానికి చెందినది. కాని అక్కడి నియమం విలక్షణమైనది. శ్లోకం చివరి అక్షరాన్ని కాక, మూడవ పాదం మొదటి అక్షరాన్ని ప్రత్యర్థి అందుకోవాలి. అనుష్టుప్పును అనుమతించరు. చివరి అక్షరాన్ని ఎందుకు వదిలారన్నది తెలుగు పద్యాల పరిస్థితిని చూసినప్పుడు సులభంగా అర్థమవుతుంది.

నెల్లిమర్లకు ఉత్తరాన సరిహద్దు దాటితే ఒడియా సాహిత్యంలో ‘చౌతిశా’ అనే ప్రక్రియ ఎదురవుతుంది. ముప్పైనాలుగు హల్లులలో ఒక్కొక్కదానితో ఒక్కొక్క చరణాన్ని వరుసగా ఎత్తుకోవడం దాని లక్షణం. జపానులో ‘ఇరొహ’ అనే ప్రాచీన గేయం నలభైఏడు అక్షరాలను ఒక్కొక్కసారి మాత్రమే వాడి అల్లినది. అది 1079నాటి ఒక బౌద్ధ గ్రంథంలో మొదటిసారి కనిపిస్తుంది. శతాబ్దాలపాటు జపానీయులు పట్టికలను, నిఘంటువులను ఈ గేయపు వరుసలోనే కూర్చారు. ఆ నలభైఏడింటిలో ‘న్’ లేదు. ఈ సంగతిని ఇక్కడ గుర్తుపెట్టుకోవాలి. వ్యాసం మళ్లీ దీని దగ్గరికి వస్తుంది.

తెలుగువారిలో అక్షరక్రీడ అవధానంలో ఉన్నత స్థాయిని అందుకొంది. నిషిద్ధాక్షరి, న్యస్తాక్షరి అనే అంశాలు అవధానిని ఒక్కొక్క అక్షరం దగ్గర నిలువరిస్తాయి. విజయనగరానికి చెందిన ఆదిభట్ల నారాయణదాసు (1864–1945) హరికథకుడిగానే కాక అవధానిగానూ ప్రసిద్ధుడు. అయితే అవధానం సృజనకు పరీక్ష. అంత్యాక్షరి జ్ఞాపకానికి పరీక్ష. అందువల్లనే మొదటిది సభకు, రెండవది బడికీ ఇంటి అరుగుకీ చెందాయి.

పద్యం చివర ఏ అక్షరం ఉంటుంది?

పద్యాలతో అంత్యాక్షరి ఆడినప్పుడు ఆట గమనాన్ని నిర్ణయించేది ఆటగాళ్ల ఇష్టం కన్నా ఛందస్సు. ఉత్పలమాల, చంపకమాల, శార్దూలం, మత్తేభం గుర్వంతాలు. కందంలో రెండవ, నాల్గవ పాదాలు గురువుతోనే ముగియాలి. తెలుగు మాటలు ఎక్కువగా హ్రస్వాచ్చుతో ముగుస్తాయి. హ్రస్వాంతమైన మాటను గురువు చేయాలంటే కవికి ఉన్న దగ్గరి దారులు రెండు: ద్రుతాన్ని పొల్లుగా నిలపడం, సంబోధనలో అచ్చును సాగదీయడం. కథాకావ్యాలలో మొదటి దారి, శతకాలలో రెండవ దారి ఎక్కువగా కనిపిస్తాయి. కావ్య పద్యాలతో ఆడితే గొలుసు మాటిమాటికీ ‘న’ దగ్గరికి వచ్చి పడుతుంది.

శతకాల విషయం ఇంకా ఆసక్తికరం. మకుటం మారదు కనుక ఒక శతకంలోని పద్యాలన్నీ ప్రత్యర్థికి ఒకే అక్షరాన్ని ఇస్తాయి. వేమన పద్యం ఏది చదివినా ‘మ’ వస్తుంది. సుమతి శతకం ‘త’ను ఇస్తుంది. దాశరథి శతకం ‘ధ’ను ఇస్తుంది. శ్రీకాళహస్తీశ్వర శతకం, భాస్కర శతకం, కుమార, కుమారీ శతకాలు, శేషప్ప నరసింహ శతకం – ఇవన్నీ ‘ర’ దగ్గరే ముగుస్తాయి. సింహాచల క్షేత్రంతో ముడిపడిన గోగులపాటి కూర్మనాథకవి సింహాద్రి నారసింహ శతకం ఒక్కటి ‘హ’ను ఇచ్చి ప్రత్యర్థిని తికమక పెడుతుంది. కృష్ణ శతకం మరీ చిత్రమైనది. అది ‘ణ’ను ఇస్తుంది. ‘ణ’తో మొదలయ్యే తెలుగు పద్యం వెతికితే దొరకదు.

బడిలో పద్యాలు నేర్చిన పిల్లలకు ఎక్కువగా తెలిసినవి శతక పద్యాలే. వేమన పద్యాలనే ఒక పక్షం వరుసగా ప్రయోగిస్తే రెండవ పక్షం ‘మ’తో మొదలయ్యే పద్యాలన్నీ త్వరలోనే ఖర్చు చేసుకొంటుంది. చివరి అక్షరం మీద నడిచే ఆటకు మకుటం సహజ శత్రువు. అక్షరశ్లోకం మూడవ పాదాన్ని ఆశ్రయించడంలోని సౌలభ్యం ఇక్కడ తెలుస్తుంది. లోపలి పాదపు మొదటి అక్షరానికి మకుటం బెడద ఉండదు, గుర్వంత నియమం బెడదా ఉండదు. తెలుగు ఆట మాత్రం పేరుకు తగ్గట్టు అంత్యాన్నే పట్టుకొని ఉంది.

‘ణ’ వచ్చినప్పుడు ‘న’తోనూ, ‘ళ’ వచ్చినప్పుడు ‘ల’తోనూ సరిపెట్టుకోవడం తెలుగువారికి సహజం. ఇది ఆటకోసం కల్పించుకొన్న వెసులుబాటు కాదు. ‘న, ణ’లకు, ‘ల, ళ’లకు యతిమైత్రి ఛందశ్శాస్త్రం ఎన్నడో అంగీకరించినదే. అయితే ఒక తేడా ఉంది. యతిలో హల్లుతోపాటు అచ్చుకూ మైత్రి కుదరాలి. అంత్యాక్షరిలో అచ్చుకు విలువ లేదు. ‘తీ’ వస్తే ‘త’ గుణింతంలో దేనితోనైనా ఎత్తుకోవచ్చు. జపాను ఆటలో ఒక్కొక్క అక్షరం హల్లూ అచ్చూ విడదీయరాని ముద్ద. ‘తి’ వస్తే ‘తి’తోనే మొదలుపెట్టాలి. తెలుగువాడు గుణింతం నేర్చిన క్షణం నుంచీ హల్లును అచ్చునుంచి విడదీసి చూడగలుగుతాడు. ఆట నియమంలో ఉన్నది ఆ లిపి నేర్పిన విశ్లేషణే.

సంయుక్తాక్షరం వచ్చినప్పుడు లిపికీ ధ్వనికీ మధ్య తగాదా మొదలవుతుంది. ‘చంద్ర’ అన్న మాటలో కంటికి పెద్దగా కనిపించేది ‘ద’. ‘ర’ దాని కింద ఒదిగిన వత్తు. చెవికి చివర వినిపించేది ‘ర’. పలకమీద నేర్చినవాడు ‘ద’ అనవచ్చు, విని నేర్చినవాడు ‘ర’ అంటాడు. ఇలాంటి తగాదాలన్నిటిలోనూ మూల ప్రశ్న ఒక్కటే: అక్షరం అంటే వ్రాసేదా, వినేదా?

మొదటి అక్షరం: జ్ఞాపకానికి తాళంచెవి

చివరి అక్షరం ఆటను నడిపినా, గెలుపు మొదటి అక్షరం మీద ఆధారపడుతుంది. ఆటగాడి మనసులో పద్యాలు ఎత్తుగడ అక్షరాల వారీగా అమరి ఉండాలి. తెలుగు ఛందస్సు ఇందుకు అనుకూలమైనది. పాదం మొదటి అక్షరానికి యతిస్థానంలో మైత్రి పాటించవలసి ఉంటుంది కనుక, మొదటి అక్షరం గుర్తుంటే పాదం సగం గుర్తున్నట్టే. ముద్రిత శతకాల చివర అకారాది పద్యసూచిక చేర్చడం పరిశోధకుల సౌకర్యం కోసం మొదలైన పద్ధతిగా కనిపించినా, నోటి సంప్రదాయంలో ఆ సూచిక పుస్తకం కన్నా ముందే ఉంది.

జపానులో ఈ నైపుణ్యం ఒక క్రీడగా వికసించింది. పదమూడవ శతాబ్ది కవి ఫుజివర నో తెయికా సంకలనంగా పేరొందిన నూరు పద్యాల ‘హ్యాకునిన్ ఇష్షు’ ఆధారంగా ‘కరుత’ చీట్ల ఆట నడుస్తుంది. చదివేవారు పద్యాన్ని ఎత్తుకొంటారు. ఆ పద్యపు రెండవ భాగం వ్రాసిన చీటీని పోటీదారులు అందుకోవాలి. నూరింటిలో ఏడు పద్యాలను మొదటి అక్షరం ఒక్కటి వినగానే గుర్తించవచ్చు, ఆ అక్షరంతో మరో పద్యం లేదు కనుక. ‘అ’తో మొదలయ్యేవి మాత్రం పదహారు ఉన్నాయి, అక్కడ మరికొన్ని అక్షరాలు వినేవరకు చేయి కదపకూడదు. పద్యాన్ని తేల్చే ఈ అక్షరాలకు ‘కిమరిజి’ అని పేరు.

కరియోకె కూడా ఈ అక్షరక్రమాన్నే వారసత్వంగా తీసుకొంది. వాద్యసంగీతం మాత్రమే వినిపించే యంత్రంతో అతిథులే పాడుకొనే పద్ధతిని 1971లో కోబె నగరంలో ఇనోఉఎ దైసుకె ప్రవేశపెట్టాడు. పాటలు వేలసంఖ్యలో పెరిగాక, పాట పేరులోని మొదటి అక్షరాన్ని బట్టి కూర్చిన బరువైన సూచికలు పాడే గదులలో తప్పనిసరి సామగ్రి అయ్యాయి. తరువాత వాటి స్థానాన్ని ఎలక్ట్రానిక్ పలకలు తీసుకొన్నా వరుస మారలేదు. ఆ వరుస పేరు ‘గొజూఒన్’, అంటే యాభై ధ్వనులు. అచ్చులు ముందు, ఆపైన క, స, త, న, హ, మ, య, ర, వ వరుసలు. తెలుగు వర్ణమాల తెలిసినవారు ఇందులో కంఠ్యం నుంచి ఓష్ఠ్యం వైపు సాగే పరిచితమైన నడకను గుర్తుపడతారు. ‘చ’ వర్గం ఉండవలసిన చోట ‘స’, ‘ప’ ఉండవలసిన చోట ‘హ’ ఉండటానికి కారణం ఆ ధ్వనుల ప్రాచీన ఉచ్చారణ వేరుగా ఉండటమే. బౌద్ధ భిక్షువులు సిద్ధం లిపిలోని సంస్కృత మంత్రాలను అధ్యయనం చేస్తూ ఈ వరుసను రూపొందించుకొన్నారు. నెల్లిమర్ల పక్కనే రామతీర్థం కొండల మీద బౌద్ధ విహార శిథిలాలు ఉన్నాయి. వాటికీ జపాను పట్టికకూ నేరు సంబంధం ఏదీ లేదు. అయినా ఆ కొండల మీద వర్ణసమామ్నాయాన్ని వల్లించినవారికి, ఈనాడు టోక్యోలో పాట వెతుక్కొనేవారికి ధ్వనుల వరుస ఒక్కటే కావడం అక్షరచరిత్రలో ఒక ముచ్చటైన సంగతి. ఆ పట్టికలో కూడా ‘న్’ వరుసకు వెలుపల, చివర ఒంటరిగా నిలబడుతుంది.

‘ము’ ఎక్కడికి పోయింది?

తెలుగులో ‘పుస్తకంబు’, ‘పుస్తకము’, ‘పుస్తకం’ అనే రూపాలు భాషలోని వేర్వేరు పొరలు. ప్రాచీన శాసనాలలో ‘ంబు’ విరివిగా కనిపిస్తుంది. కావ్యభాషలో ‘ంబు’, ‘మ్ము’, ‘ము’ ఛందస్సు అవసరాన్ని బట్టి ఒకదానికొకటి బదులుగా వచ్చాయి. పరవస్తు చిన్నయసూరి వ్యాకరణంలో మువర్ణకానికి ప్రత్యేక స్థానం ఉంది. వాడుకలో చివరి ఉకారం జారిపోయి ‘మ’కారం సున్నగా నిలిచింది. నామాలలోనే కాదు, ‘వచ్చాము’ ‘వచ్చాం’ అయింది, ‘మనము’ ‘మనం’ అయింది. నెల్లిమర్ల ప్రాంతపు ‘ఎల్లినాం’, ‘తిన్నాం’ అన్న రూపాలదీ అదే దారి.

ఈ సున్నను కాగితం మీద పెట్టవచ్చునా అన్నది ఇరవయ్యవ శతాబ్ది తొలి దశకాలలో చిన్న ప్రశ్న కాదు. 1897లో వెలువడిన కన్యాశుల్కం, 1909నాటి దాని రెండవ కూర్పు విజయనగరం వీధుల భాషను నాటకంలో నిలబెట్టాయి. నాటకపాత్రల నోట వాడుకను సహించినవారు సైతం పాఠ్యపుస్తకాలలో దానిని అంగీకరించలేదు. పాఠశాలల పర్యవేక్షకుడు జె. ఎ. యేట్స్, విశాఖపట్నం ఎ.వి.ఎన్. కళాశాల అధ్యక్షుడు పి. టి. శ్రీనివాస అయ్యంగార్, గురజాడ, గిడుగు ఒక పక్క నిలిచారు. 1911లో స్థాపితమైన ఆంధ్రసాహిత్య పరిషత్తు, జయంతి రామయ్యపంతులు మరొక పక్క నిలిచారు. గురజాడ 1914లో మద్రాసు విశ్వవిద్యాలయానికి సమర్పించిన అసమ్మతి పత్రం, గిడుగు 1919లో నడిపిన ‘తెలుగు’ పత్రిక ఈ వాదానికి ప్రధాన సాధనాలు. గ్రాంథికవాదుల భయాలలో ఒకటి నిజాయితీ కలది: వాడుక రూపాలను వ్రాతలోకి రానిస్తే విద్యార్థికి కావ్యభాషతో అనుబంధం తెగిపోతుందని.

ఈ భయాన్ని పరీక్షించడానికి అంత్యాక్షరి అనుకోని ప్రయోగశాల. ‘పుస్తకం’ విన్న పిల్లవాడు ‘మ’తో అందుకోవడం వెనుక శబ్దరత్నాకరం లేదు. ఆ నిఘంటువులో ఆరోపాలు ‘ము’తో ముగుస్తాయని అతనికి తెలియనక్కరలేదు. అతనికి తెలిసినదల్లా ‘ఇది నా పుస్తకమే’, ‘నీ పుస్తకమా?’, ‘ఎవరి పుస్తకమో’ అనే మాటలు. ఏ, ఆ, ఓ చేరిన ప్రతిసారీ సున్నలో దాగిన మకారం బయటికి వస్తుంది. బడికి వెళ్లని తల్లి నోట కూడా అది తప్పదు. ఉకారం పోయింది గాని మకారం పోలేదు. అది భాషలో సజీవంగానే ఉంది. గిడుగు పాతకాలపు వచనం నుంచి గద్యచింతామణిలో సాక్ష్యాలు గుదిగుచ్చి వాడుకకు పూర్వచరిత్ర ఉందని నిరూపించాడు. ఆటలో కనిపించే సాక్ష్యం ఆ వాదానికి రెండవ ముఖం: వాడుకలో పూర్వరూపం ఇంకా ఉంది.

జపాను భాష ఈ మలుపులో వేరు దారి పట్టింది. అక్కడి ‘న్’ అక్షరం ప్రాచీనం కాదు. ఊహను, సంకల్పాన్ని తెలిపే ‘ము’ అనే ప్రత్యయం ఉచ్చారణలో ‘న్’గా కుదించుకుపోయింది. చాలాకాలం ఈ ధ్వనిని ‘ము’ అక్షరంతోనే వ్రాశారు. అందుకే ఇరొహలో దానికి చోటు లేదు. 1900లో ప్రాథమిక పాఠశాలల నియమావళి ఒక్కొక్క ధ్వనికి ఒక్కొక్క లిపిరూపాన్ని స్థిరపరచడంతో ‘ము’, ‘న్’ల అక్షర భేదం బడి ద్వారా అందరికీ కట్టుదిట్టమైంది. రెండు భాషలలోనూ ‘ము’ కరిగి అనునాసికం మిగలడం యాదృచ్ఛిక సామ్యమే. ఫలితం మాత్రం భిన్నం. జపాను ‘హోన్’కు అచ్చుతో మొదలయ్యే ప్రత్యయం చేరినా ‘న్’ తనంత తానుగా నిలుస్తుంది. వెనుకటి ‘ము’ తిరిగి రాదు. అక్కడ ‘న్’ నిజంగానే గొలుసు చివరి కడియం. తెలుగు సున్న అలాంటిది కాదు. పైకి మూసినట్టు కనిపించే తలుపు అది, గడియ లేదు.

పాట చేరిన తరువాత

1932లో ‘భక్త ప్రహ్లాద’తో తెలుగు చలనచిత్రం మాట్లాడటం మొదలైన తరువాత అంత్యాక్షరి సరుకు క్రమంగా పద్యం నుంచి పాటకు మారింది. కథాసంగ్రహంతోపాటు పాటలన్నీ ముద్రించి సినిమాహాలు దగ్గర అమ్మిన చిన్న పాటల పుస్తకాలు, ఆపైన రేడియో ఈ మార్పుకు తోడ్పడ్డాయి. 1963లో విశాఖపట్నం ఆకాశవాణి కేంద్రం ప్రారంభమయ్యాక ఉత్తరాంధ్ర ఇళ్లలో పాట నిత్యవస్తువయింది. పాటల పుస్తకంలోని వరుస అక్షరక్రమం కాదు, కథలో పాట వచ్చే క్రమం. అక్షరాల వారీ సూచికను శ్రోతలు తమ తలలోనే తయారుచేసుకోవలసి వచ్చింది.

విజయనగరానికి ఈ చరిత్రలో చెప్పుకోదగిన పాత్ర ఉంది. 1919లో స్థాపించిన సంగీత పాఠశాలకు తొలి అధ్యక్షుడు ఆదిభట్ల నారాయణదాసు. తరువాత ద్వారం వెంకటస్వామినాయుడు ఆ బాధ్యత వహించారు. ఘంటసాల వెంకటేశ్వరరావు అక్కడ సంగీతం అభ్యసించారు. పి. సుశీల ఆ ఊరి ఆడపడుచు. అంత్యాక్షరిలో తెలుగువారు ఎక్కువగా ఎత్తుకొనే గొంతులు రెండూ ఒకే పట్టణపు సంగీత వాతావరణంలో సాధన చేసినవి.

పాటతో ఆటలో రెండు మార్పులు వచ్చాయి. పద్యాన్ని ఆసాంతం చదవాలి. పాటను పల్లవి దాకా పాడితే చాలు. పద్యం ఆడినవారికి నాలుగు పాదాలూ నిలిచాయి. పాట ఆడినవారికి చరణాలు జారిపోయాయి. ఇది జ్ఞాపకానికి జరిగిన నిజమైన నష్టం, దీనిని మెరుగుపెట్టి చెప్పనక్కరలేదు. రెండవ మార్పు అంత్యాక్షరాలలో వచ్చింది. మకుటం, గుర్వంత నియమం అనే రెండు సంకెళ్లు తొలగడంతో అక్షరాల వైవిధ్యం పెరిగింది. కొత్త సమస్యగా సున్న వచ్చి చేరింది. పాటలో కవికి ‘హృదయము’, ‘హృదయం’ రెండూ అందుబాటులో ఉంటాయి. బాణీ ఏది కోరితే అది వాడతాడు. ‘హృదయం’ అని ముగించే గాయని చివరి స్వరాన్ని సాగదీసి పెదవులు మూస్తుంది. ఆ పెదవుల మూతలో వినిపించేది మకారమే. వ్రాతలో సున్న అయినది పాటలో మళ్లీ ‘మ్’ అవుతుంది. పద్యాల ఆటలో వేమన అందించిన ‘మ’ను పాటల ఆటలో సున్న అందిస్తున్నది.

నేదు, లేదు: సూచికకు ఎదురయ్యే చిక్కు

ఇంతవరకు చర్చ అంత్యాక్షరం గురించి. ఉత్తరాంధ్ర మౌఖిక సాహిత్యాన్ని సేకరించేవారికి ఇంతకన్న గట్టి సమస్య ఆద్యక్షరం దగ్గర ఎదురవుతుంది. ఈ ప్రాంతపు వాడుకలో ‘లేదు’ తరచుగా ‘నేదు’ అవుతుంది. రావిశాస్త్రి, కాళీపట్నం రామారావు కథలు చదివినవారికి ఈ రూపం కొత్త కాదు. ‘లేదు’తో ముగిసినా ‘నేదు’తో ముగిసినా ప్రత్యర్థికి ‘ద’ వస్తుంది, ఆటకు బాధ లేదు. కాని ఒక పాట ‘నేదు’తో మొదలైతే అది సూచికలో ‘న’ కింద చేరాలా, ‘ల’ కింద చేరాలా? సేకర్త దానిని ‘లేదు’గా సవరిస్తే పాట పాడినవారికే తమ పాట దొరకదు. ‘నేదు’గా ఉంచితే ఇతర ప్రాంతాల పాఠాంతరాలతో పోల్చే పరిశోధకుడికి అది కనిపించకుండా పోతుంది. తప్పెటగుళ్లు, జముకుల కథ, తూర్పు భాగవతం వంటి ప్రక్రియలలోని పాటలకు మరొక చిక్కు ఉంది. ఇవి ముందుగా కూనిరాగంతోనో, ‘ఓ’, ‘ఏ’ వంటి పిలుపులతోనో ఎత్తుకొంటాయి. ఆ పిలుపును మొదటి అక్షరంగా లెక్కిస్తే పాటలు కుప్పగా ‘ఓ’ కిందికే వచ్చి పడతాయి. లెక్కించకపోతే, పాడేవారు తాము మొదలుపెట్టే చోటు కాని చోట వాటిని వెతుక్కోవాలి.

యంత్రం ఈ సమస్యను తీర్చలేదు, మరింత స్పష్టం చేసింది. యూనికోడ్‌లో తెలుగు సున్నకు కేటాయించిన సంకేతం ‘అ’కారం కన్నా ముందు వస్తుంది. వర్ణమాలలో ‘అం’ వచ్చేది ‘ఔ’ తరువాత. సంకేతాల వరుసను యథాతథంగా అనుసరించే పట్టికలో ‘అంతరంగం’ ‘అక్క’ కన్నా ముందు నిలుస్తుంది. వర్ణమాల వరుసలో వెతికేవాడు దానిని తరువాత ఎక్కడో ఆశిస్తాడు. గొజూఒన్ వరుసలో ‘న్’ను చివర పెట్టి జపానీయులు ఈ చిక్కును తేల్చుకొన్నారు. తెలుగు సున్న ‘న్’లాగా ఒకే ధ్వని కాదు. ‘అంక’లో ఒకటి, ‘అంత’లో మరొకటి, ‘అంబ’లో ఇంకొకటి, ‘పుస్తకం’ చివర దాగిన మకారం. ఒకే గుర్తు కింద ఉన్న ఇన్ని ధ్వనులకు ఒకే స్థానం ఇవ్వడం లిపికి న్యాయం, చెవికి అన్యాయం.

గిడుగు రామమూర్తి తెలుగు వాదంలో ఎంత తలమునకలుగా ఉన్నా సవర భాష పనిని విడిచిపెట్టలేదు. లిపి లేని ఆ భాషను మొదట తెలుగు అక్షరాలలో వ్రాసుకొన్నాడు. ఆ అక్షరాలు సవర ధ్వనులకు చాలవని గ్రహించి, 1931లో ప్రచురితమైన సవర వ్యాకరణంలో, 1938నాటి నిఘంటువులో ధ్వనులను వేరువేరుగా చూపే లిపిని ఆశ్రయించాడు. విన్నదానిని విన్నట్టు వ్రాయడం, ఆ తరువాతనే దానిని వరుసలో పెట్టడం ఆయన పద్ధతి. నెల్లిమర్లలో ఒక ముసలమ్మ ‘నేదు’తో ఎత్తుకొన్న పాటను నమోదు చేసే పరిశోధకుడికి ఇప్పటికీ రెండు సూచికలు కావాలి: పాట పాడినవారి చెవికి ‘న’ కింద ఒకటి, నిఘంటువు చూసేవారి కంటికి ‘ల’ కింద ఒకటి. కరియోకె పుస్తకాలలో పాట పేరుకు ఒక వరుస, గాయకుడి పేరుకు మరొక వరుస ఉంచినట్టే, ఇక్కడ ఒకే పాటకు రెండు తలుపులు ఉంచడంలో పునరుక్తి దోషం లేదు.